కర్రపెండలం తిని మనవడికి వాంతులు.. మీరేమో షుగర్ గురించి అడుగుతున్నారు!

ప్రశ్న: మాది పెద్దాపురం దగ్గర పల్లె. నాకు 58 ఏళ్లు, పదేళ్లుగా షుగర్ ఉంది. ఉపవాసం రోజున సగ్గుబియ్యం జావ తాగవచ్చా? కర్రపెండలం తినవచ్చా? మొన్న దుంపలు ఉడకబెడుతుంటే మా ఆరేళ్ల మనవడు సరిగా ఉడకకముందే తిన్నాడు. సాయంత్రానికి నాలుగైదు వాంతులయ్యాయి, కళ్లు తిరుగుతున్నాయన్నాడు. మందుల షాపు నుంచి బిళ్ల తెచ్చి వేస్తే తగ్గింది. – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ షుగర్ సంగతి తర్వాత. చివర్లో మాటవరసకు రాసిన మనవడి వాంతులే నన్ను కంగారుపెట్టాయి.

పచ్చి కర్రపెండలంలో లినమారిన్ అనే పదార్థం ఉంటుంది. దాని నుంచి సైనైడ్ పుడుతుంది. పేగుల్లోని బ్యాక్టీరియా కూడా లినమారిన్‌ను విడగొడుతుంది కాబట్టి తిన్న కొన్ని గంటలకు గానీ లక్షణాలు బయటపడకపోవచ్చు. బాబుకు వచ్చింది అదేనని చూడకుండా చెప్పలేను. మామూలు అజీర్తీ కావచ్చు. కానీ ఆ తేడా మందుల షాపులో తేలదు. బిళ్ల వాంతిని ఆపుతుంది, విషాన్ని ఆపదు. పిల్లవాడు మగతగా పడి ఉంటే హాయిగా నిద్రపోయాడనుకుంటాం. అదే నా భయం. ఆయాసం, మగత, ఫిట్స్ కనిపిస్తే క్షణం ఆగవద్దు. విరుగుడు మందులున్నాయి, అయితే అవి ఆసుపత్రిలోనే ఇవ్వాలి. వచ్చేటప్పుడు తిన్న దుంప ముక్క ఒకటి సంచిలో వేసుకుని రండి. ఇప్పుడు బాబు బాగానే ఉన్నా పిల్లల డాక్టర్‌కు ఒకసారి చూపించండి.

కర్రపెండలం వండేముందు పైనున్న గోధుమరంగు పొరతో పాటు దాని కింది మందపాటి తొక్కనూ తీసేయాలి. విషం అక్కడే ఎక్కువ. చిన్న ముక్కలు కోసి, నానబెట్టి, ఎక్కువ నీళ్లలో మూత తీసి మెత్తగా ఉడికించి, ఆ నీళ్లు పారబోయండి. చేదు తగిలితే ఉమ్మేయండి. సగ్గుబియ్యం ఫ్యాక్టరీకి తోలే దుంపలైతే కూరకు పనికొస్తాయో లేదో రైతునే అడగండి.

సగ్గుబియ్యమూ ఆ దుంపదే. తురిమి, పాలు పిండి, తొట్లలో పేరబెట్టి, అడుగున పేరిన పిండిని గుళికలు చేసి వేయించి ఎండబెడతారు. విషం చాలావరకు నీళ్లతోనే పోతుంది. మిగిలేది దాదాపు పిండిపదార్థమే, షుగర్ త్వరగా పెరుగుతుంది. కాబట్టి గ్లాసెడు జావ వద్దు. ఉడికించిన దుంప అయితే రెండు మూడు ముక్కలు, అదీ అన్నం తగ్గించుకుని.

ఉపవాసం రోజున షుగర్ మాత్ర వేసుకుంటున్నారో లేదో మీరు రాయలేదు. సొంతంగా మానవద్దు, ఖాళీ కడుపున వేసుకోనూ వద్దు. మీ డాక్టర్‌ను ముందురోజే అడగండి.