ఐకాన్ ఆఫ్ ది సీస్ ఎంత పెద్దది? లోపల ఏమేం ఉంటాయి?

విహార నౌకలు నడిపే రాయల్ కరీబియన్ సంస్థ కోసం ఫిన్లాండ్‌లోని తుర్కులో కట్టిన ఈ ఓడ 2024 జనవరి 27న మయామీ నుంచి తొలి యాత్రకు బయలుదేరింది. పొడవు సుమారు 365 మీటర్లు, అంతస్తులు 20. గదికి ఇద్దరు చొప్పున 5,610 మంది, పడకలన్నీ నిండితే దాదాపు 7,600 మంది పడతారు. సిబ్బంది మరో 2,350 మంది. 2,48,663 గ్రాస్ టన్నులని చూసి చాలామంది అది బరువనుకుంటారు. నిజానికి అది ఓడ లోపలి ఘనపరిమాణాన్ని బట్టి కట్టే లెక్క.

ఈత కొలనులు ఏడు, నీటి జారుడు బల్లలు ఆరు, ఐస్ స్కేటింగ్ రింకు, నిజమైన మొక్కలతో పెంచిన తోట ఉన్నాయి. మంచినీటిలో అధికభాగం సముద్రపు నీటి నుంచి ఓడలోనే తయారవుతుంది.

నాకు మాత్రం అన్నిటికంటే అబ్బురం దీని యంత్రాంగమే. వార్ట్‌సిలా అనే కంపెనీ తయారుచేసిన ఆరు ఇంజన్లు కరెంటు పుట్టిస్తాయి. వెనుకవైపు ఓడ అడుగున వేలాడే మూడు అజిపాడ్‌లు (గుండ్రంగా తిరగగల చోదక యంత్రాలు) ఆ కరెంటుతో ఓడను నడుపుతాయి. మోటారు ఈ పాడ్‌లోనే ఉంటుంది, ప్రొపెల్లర్ దానికే బిగించి ఉంటుంది. పాడ్ తానే తిరిగి దిశ మార్చుకుంటుంది కనుక విడిగా చుక్కాని అక్కర్లేదు. ఇంత భారీ ఓడ రేవులో ఒద్దికగా మళ్లడానికి ఒక ముఖ్య కారణం ఇదే. వేగం సుమారు 22 నాట్లు, అంటే గంటకు దాదాపు 41 కిలోమీటర్లు.

ప్రధాన ఇంధనం ద్రవీకృత సహజవాయువు. మసి, గంధకం బాగా తగ్గుతాయన్నది నిజమే. కానీ కాలకుండా తప్పించుకునే మీథేన్ భూతాపాన్ని పెంచుతుంది, అందుకే దీన్ని పూర్తిగా పర్యావరణహితమైన ఓడ అనడానికి నేను ఒప్పుకోను.