గంగమ్మ జాతర గేమ్‌లో సంగీతాన్ని పది నిమిషాలకే ఎందుకు కట్టేస్తున్నారు?

మీరు అడిగింది క్లుప్తంగా: తిరుపతి గంగమ్మ జాతర కథతో యూనిటీలో (గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) మొబైల్ గేమ్ చేస్తున్నారు. అమ్మవారు రోజుకో వేషంలో పాళెగాడిని వెతకాలి, వాడి మనుషుల కంట పడకూడదు. నాదస్వరం, పంబ, పలకలతో 90 సెకన్ల ట్రాక్ లూప్‌లో తిరుగుతోంది, అతుకు దగ్గర చిన్న ఖాళీ వస్తోంది. కనబడిపోతే ఇంకో ట్రాక్ దూకుతుంది. ఆడినవాళ్ళేమో పది నిమిషాలకల్లా సౌండ్ తీసేస్తున్నారు.

వేరే ట్రాక్ చేయించుకోమని చాలామంది చెబుతారు. అక్కర్లేదు. మీ ట్రాక్ బాగుంది, ఇబ్బందంతా అక్కడే ఉంది. నాదస్వరం వరస చెవిని పట్టేసుకుంటుంది. పది నిమిషాల్లో అది ఆరేడుసార్లు తిరుగుతుంది, మూడోసారికే తర్వాత ఏమొస్తుందో తెలిసిపోతుంది. ఇక అది జాతర కాదు, రింగ్‌టోన్. పైగా ఆటగాడు గోడచాటున నక్కినా, సందులో పరిగెత్తినా అదే పాట. తను చేసేదాన్ని ఈ సంగీతం పట్టించుకోవడం లేదని వాడికి మాటల్లో తెలియకపోయినా విసుగు రూపంలో తెలుస్తుంది.

అందుకే ట్రాక్‌ని నాలుగు పొరలు చేయండి. అడుగున తంబుర శ్రుతి, దాని మీద పంబ నడక, మూడోది పలకల జోరు, నాలుగోది నాదస్వరం. మొదటి రెండూ ఎక్కువసేపు మోగొచ్చు. నాదస్వరం మాత్రం అరుదుగా రావాలి. నన్నడిగితే దొర వేషంలో పాళెగాడు బయటపడేదాకా పూర్తి వరస వినిపించకండి. అంతకుముందు రెండు మూడు స్వరాల ముక్కలు చాలు. సూపర్ మారియో వరల్డ్‌లో యోషీ ఎక్కితే పాట మారదు, అదే పాట మీద డ్రమ్స్ చేరతాయి, దిగగానే పోతాయి. 2010 నాటి రెడ్ డెడ్ రిడెంప్షన్‌లో సంగీతం చాలావరకు 130 బీపీఎంలో (నిమిషానికి 130 దెబ్బలు), ఏ మైనర్ అనే ఒకే స్వరస్థాయిలో చేశారు. ఏ ముక్క మీద ఏ ముక్క వేసినా అతకడానికే ఆ కట్టుబాటు.

మీకు 96 బీపీఎం, ఆది తాళం సుఖంగా ఉంటుంది. ఒక అక్షరం 0.625 సెకను, 8 అక్షరాల ఆవర్తనం (తాళం ఒక చుట్టు) సరిగ్గా 5 సెకన్లు. 16 ఆవర్తనాలకు 80 సెకన్లు. 48 కిలోహెర్ట్జ్‌లో (సెకనుకు 48,000 శాంపిళ్ళు, అంటే శబ్దపు కొలతలు) ఆవర్తనానికి 2,40,000 శాంపిళ్ళు, కాబట్టి ఎక్కడా భిన్నాలు రావు. నాలుగు ఫైళ్ళ నిడివీ ఒక్క శాంపిల్ కూడా తేడా లేకుండా ఉండాలి. అన్నిటినీ ఒకే డీఎస్‌పీ టైమ్ (యూనిటీ ఆడియో గడియారం) ఇచ్చి, ఫలానా క్షణానికి మోగించే ప్లేషెడ్యూల్డ్‌తో మొదట్లోనే మొదలుపెట్టి, అవసరం లేనివాటి వాల్యూమ్ సున్నాలో ఉంచండి. అవసరమైనప్పుడు ప్లే కొడదామనుకుంటే తాళం తప్పుతుంది.

ఉద్రిక్తత కోసం టెంపో పెంచాలనిపిస్తుంది. 1978 నాటి స్పేస్ ఇన్‌వేడర్స్‌లో నాలుగు స్వరాలు శత్రువులతోపాటు వేగం పెంచుకుంటూ పోతాయి, ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. కానీ అక్కడ ఉన్నది ఆ నాలుగే స్వరాలు. మీ పొరలన్నీ రికార్డు చేసినవి, సాగదీస్తే మొదట చెడేది పలక దెబ్బ పదునే. టెంపో ముట్టుకోకుండా కాలం మార్చండి: అదే 5 సెకన్ల ఆవర్తనంలో పలకలు రెండో కాలంలో (అంటే రెట్టింపు వేగంతో) వాయించినది మూడో పొరగా పెట్టుకుంటే వేగం వచ్చేస్తుంది, తాళం చెక్కుచెదరదు.

పొర తేవడంలో ఒక ఉచ్చు ఉంది. ఆడియో మిక్సర్‌లో వాల్యూమ్ డెసిబెల్స్‌లో ఉంటుంది. దాన్ని -80 నుంచి 0కి తిన్నగా లెర్ప్ చేస్తే (సమానంగా పెంచుకుంటూ పోతే) సగం దారిలో -40 దగ్గర ఉంటుంది, ఫోన్‌లో అసలు వినబడదు. చివర్లో ఒక్కసారిగా మీదపడుతుంది. 0.0001 నుంచి 1 దాకా ఒక విలువని లెర్ప్ చేసి, దాని లాగరిథమ్‌ని (ఆధారం 10) 20తో గుణించి మిక్సర్‌కివ్వండి.

ఎప్పుడు మారాలి? అనుమానానికి 0–100 మీటర్ పెట్టి, 40 దాటితే పలకలు రానివ్వండి, 25 కిందికి దిగితేనే పోనివ్వండి. రెండింటికీ ఒకే హద్దు పెడితే ఆటగాడు ఆ అంచున తచ్చాడుతున్నంతసేపూ పలకలు వస్తూ పోతూ పిచ్చెక్కిస్తాయి. ప్రమాదం వచ్చేటప్పుడు తర్వాతి అక్షరానికే మారాలి, ఆవర్తనం అయ్యేదాకా ఆగితే అప్పటికే దొరికిపోయుంటాడు. అతుకు తెలియకుండా ఒక పెద్ద పలక దెబ్బ వేయండి. తిరిగి నెమ్మదించేటప్పుడు మాత్రం ఆవర్తనం ముగిశాకే, నాలుగైదు సెకన్లు తీసుకుని దిగాలి. భయం రావడం గబుక్కున, పోవడం మెల్లగా.

రాగం మార్చాలనుకుంటే మరో జాగ్రత్త. మోహనం నుంచి శుభపంతువరాళికి క్రాస్‌ఫేడ్ చేస్తే (ఒకటి తగ్గిస్తూ ఇంకొకటి పెంచితే) రెండింటికీ ఉమ్మడిగా ఉన్నవి షడ్జమం, పంచమం మాత్రమే. రిషభాలు, గాంధారాలు, ధైవతాలు కొట్టుకుంటాయి, అపస్వరంలా వినబడుతుంది. ముందు పై పొరలు దించి తంబురలో స-ప మీద ఒక ఆవర్తనం నిలబడి, తర్వాత కొత్త రాగం ఎత్తండి. రెండింటికీ శ్రుతి ఒకటే ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

సంగీతమే లేని చోట్లూ పెట్టండి. గోడచాటున నక్కినప్పుడు తంబుర కూడా తగ్గించి కాపలావాడి చెప్పుల చప్పుడు, దూరంగా గుడిగంట వినిపిస్తే పాట కంటే ఎక్కువ ఊపిరి బిగబట్టిస్తుంది. అయితే కాపలావాడు తల తిప్పకముందే పలకలు మోగితే ఆటగాడు కళ్ళు వాడడం మానేసి చెవుల మీదే ఆడతాడు. మొదటి రెండు వేషాల్లో ఆ సాయం ఇచ్చి, తర్వాత తీసేయడం మేలు.

ఫైళ్ళ సంగతి. లూప్ అతుకు దగ్గర చిన్న ఖాళీ వస్తోందన్నారు, అది ఎంపీ3 ఎన్‌కోడర్ మొదట్లో, చివర్లో చేర్చే నిశ్శబ్దం. యూనిటీ దాన్ని మళ్ళీ వోర్బిస్ అనే ఫార్మాట్‌లోకి మార్చినా ఆ ఖాళీ పోదు. కుదించని వేవ్ (WAV) ఫైలే ఇవ్వండి. పంబ మోత చివర్లో తెగినట్టుంటే లూప్‌ని వరసగా రెండుసార్లు రెండర్ చేసి రెండో చుట్టును మాత్రమే కోసుకోండి, మొదటి చుట్టు తోక అందులో కలిసి వస్తుంది. 80 సెకన్ల స్టీరియో వేవ్ 15 ఎంబీ పైనే, నాలుగు కలిస్తే 60 దాటుతుంది. చవక ఫోన్లలో డీకంప్రెస్ ఆన్ లోడ్ (ఫైలంతా ముందే విప్పి మెమరీలో పెట్టడం) పెట్టకండి, కంప్రెస్డ్ ఇన్ మెమరీ (కుదించినట్టే ఉంచడం) చాలు. పంబ, పలకలు మోనో చేసేయండి.

జాతరలోనే రికార్డు చేద్దామనుకుంటే జనం సందడి వరకు బాగానే వస్తుంది, వాయిద్యాలు రావు. ఏ మూల నిలబడ్డా మైకుసెట్ పాట అందులో పడుతుంది, దానితో కాపీరైట్ తలనొప్పి. వాయించేవాళ్ళకు ముందే మాట్లాడుకుని, డబ్బులిచ్చి, జాతర కాని రోజు విడిగా వాయించమనండి. మైకు రెండు మీటర్ల దూరంలో, పెద్ద దెబ్బకి కూడా మీటర్ -12 డెసిబెల్స్ దాటకుండా, 24 బిట్‌లో తీయండి. పూనకం వచ్చేకొద్దీ వేగం పెంచడం వాళ్ళ అలవాటు, అదే ఆ వాయిద్యానికి అందం కూడా. అందుకే ఒకరి చెవిలో 96 బీపీఎం క్లిక్ పెట్టండి, మిగతావాళ్ళు ఆయన్ని పట్టుకుని వాయిస్తారు.