ట్రేసింగ్ పేపర్ మీద వాటర్ కలర్ వేస్తే ముడతలు పడుతోంది. ఏం చేయాలి?

వేయడం మానేయండి. ముప్పై ఏళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాను. నా చెమట బొట్టు పడ్డా ట్రేసింగ్ పేపర్ ఉబ్బి లేచేది. టేపుతో బిగించండి, ఇస్త్రీ చేయండి అని వీడియోల్లో చెప్పేవాళ్లు తాము ఒక్కసారీ వేసి చూసి ఉండరు.

మీకు కావలసింది నీళ్లు పీల్చని కాగితం. యూపో అని దొరుకుతుంది. పాలీప్రొపిలీన్‌తో చేస్తారు కాబట్టి పేరుకే కాగితం, నిజానికి ప్లాస్టిక్. తెల్లది కాదు, అవతలిది మసగ్గా కనబడే రకం అడగండి. మా ఊరి కొట్లో అడిగితే బటర్ పేపర్ చేతిలో పెట్టాడు. మసగ్గా కనబడేదల్లా వాళ్లకి బటర్ పేపరే! చివరికి మా అమ్మాయి పది షీట్లు పంపింది.

రాజమండ్రిలో మంచు పట్టిన పొద్దున పాత హేవలాక్ వంతెన కనబడే తీరు వేద్దామని కూర్చున్నాను. 1997లో దాని మీద రైళ్లు ఆగిపోయినా నా కళ్లకి గోదావరి అంటే అదే. పెసరట్టు తిని చెయ్యి కడుక్కున్నాననే అనుకున్నాను. ఆకాశానికి పల్చగా నీలం పూస్తే నడిమధ్యలో నా బొటనవేలి ముద్ర! జిడ్డున్న చోట రంగు అంటదు. మా ఆవిడ చూసి, "గోదావరి మీద కొబ్బరికాయ ఎగురుతోందేంటండీ?" అంది. అందుకే ముందు షీటుని సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి, తర్వాత అంచులే పట్టుకోండి.

రెండో షీటు మధ్యాహ్నమైనా ఆరలేదు. రంగు లోపలికి ఇంకదు, పైన నిలబడి ఆరాల్సిందే. తొందరపడి ఫ్యాన్ వేశాను. వంతెన స్తంభాలన్నీ అవతలి ఒడ్డున ఉన్న కొవ్వూరు వైపు నడిచాయి. తడి టిష్యూతో తుడిచేస్తే దాదాపు తెల్లబడింది, థాలో బ్లూ అనే గాఢమైన నీలం మరక తప్ప. ఆ సుఖం మామూలు కాగితంలో లేదు.

మూడోది ఆరాక ఊరికే తిరగేసి చూశాను. వెనకనుంచి వంతెన అచ్చం మంచులో ఉన్నట్టే ఉంది! నేను గంటలకొద్దీ రంగు పల్చన చేసి తంటాలుపడ్డ పనిని కాగితమే చేసిపెట్టింది. ఇక అదే పద్ధతి: దూరంగా ఉన్నవన్నీ వెనకవైపు, దగ్గరగా ఉన్న పడవ ముదురు రంగుతో ముందువైపు, అడుగున తెల్ల అట్ట. ఒకవైపే వేసేవాళ్లు ఈ కాగితానికి డబ్బు పెట్టడం దండగ.

పూర్తయ్యాక అక్రిలిక్ వార్నిష్ స్ప్రే పల్చగా రెండు మూడు పూతలు కొట్టండి, లేదా అద్దం బిగించండి. నేను రేపు చూద్దాంలే అని బల్ల మీద వదిలేశాను. మా మనవడు తడి చేత్తో పడవని నిమిరాడు, అది కాస్తా పోయింది. వెనకవైపు వంతెన మాత్రం చెక్కుచెదరలేదు. ఇప్పుడు దాన్నే గోడకి తగిలించాం. పడవ ఇంకా వేయలేదు.