అన్నెపర్తికి బండి మీద పోయే బిడ్డకు

బిడ్డా,

మీ బాపు బండి కొనిచ్చిండని తెలిసి సంతోషపడ్డ. నల్లగొండ కాడ అన్నెపర్తిల ఉన్న మహాత్మా గాంధీ యూనివర్సిటీకి ఇగ బస్సు కోసం కాసుకునే బాధ తప్పింది. అయితే బస్సుల సీటు దొరికితే నోట్సు తిరగేసేటోనివి. బండి మీద చేతులు, కండ్లు రెండూ రోడ్డుకే పోతయ్. అందుకే బస్సు కాసుకోక మిగిలిన టైమును ముందే ఒక పనికి కట్టెయ్యి: క్లాసులైనంక లైబ్రరీల కూసో, చీకటి పడకముందే బయలెల్లు. లేకుంటే బండి ఉన్నోడివని ఇంటోళ్లు, దోస్తులు తలా ఒక పని చెప్తరు. ఆ టైమంత అట్లనే పోతది.

పోను రాను 50 కిలోమీటర్లంటే 100 సీసీ బండికి రోజుకు ఇంచుమించు లీటరు. నెలకు 24 రోజులు తిరిగితే పెట్రోలుకే రెండున్నర వేలు. ఇంటి కాడ ఈ లెక్క ముందే చెప్పు.

నెలకు 1,200 కిలోమీటర్లు తిరిగే బండికి చైనే మొదలు వదులైతది. రెండు వారాలకోసారి సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌ల పెట్టి, చైన్ కవర్ రబ్బరు బిళ్ల తీసి, వేలితో పైకి కిందికి ఆడించు. రెండు, మూడు సెంటీమీటర్లు ఆడాలె. చక్రం తిప్పుకుంట నాలుగు చోట్ల చూడు, ఒక్క చోట బిగువు ఉండొచ్చు. మరీ వదులైతే చైన్ చక్రం పండ్లు దాటి దుంకుతది, మరీ బిగిస్తే బేరింగులు తింటది. బిగించేటప్పుడు వెనక చక్రం ఇరుసు కాడ రెండు దిక్కుల ఉండే గీతలు సమానం ఉండాలె, లేకుంటే చక్రం వంకర పోతది. చైన్ బిగించినంక వెనక బ్రేకు పెడల్ కూడ చూసుకో, దాని ఆట మారుతది.

కోతల కాలంల రోడ్డు మీద వడ్లు ఆరబోస్తరు. వాటి మీద ముందటి బ్రేకు పట్టినవంటే జారుడే. దూరం నుంచే ఎక్సలేటర్ తగ్గించి, హ్యాండిల్ తిప్పకుండ తిన్నగ దాటు. రాత్రి కుప్ప మీద నల్ల పట్టా కప్పి, చుట్టు రాళ్లు పెడ్తరు, దగ్గరికి పోయేదాక కానరాదు. మిర్యాలగూడ మిల్లులకు పోయే ట్రాక్టర్లల్ల వెనక లైటు లేనియి కూడ ఉంటయ్. చీకట్ల వద్దనేది అందుకే.

హెల్మెట్ నీకూ, వెనక కూసునేటోనికీ. లైసెన్సు లేనోనికి తాళం ఇయ్యకు. వాడు ఎవరినన్న గుద్దితే బీమా కంపెనీ కట్టిన పైసలు బండి ఓనర్ దగ్గర వసూలు చేయొచ్చు, బండి మీ బాపు పేరు మీదున్నది.

పరీక్ష ముందురోజు సాయంత్రమే పెట్రోలు, టైర్ల గాలి చూసుకో. ఫస్ట్ బస్సు టైము హాల్ టికెట్ వెనక కాదు, వేరే కాగితం మీద రాసి జేబుల పెట్టుకో. తెల్లారి టైరు పంచరైతే షాపు తెరిచేదాక ఆగకు, బస్సెక్కి పో.

మీ మామ