పెద్ద సంఖ్యను విడగొట్టే తీరు

కడప.

చి. మనవరాలికి మీ అబ్బ ఆశీర్వదించి వ్రాయునది.

ఒక పెద్ద సంఖ్యను తీసుకొని దాని ధర్మాలు వ్రాసుకొని రమ్మన్నారని, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదని అడిగావు. మా కడప పిన్‌కోడు 516001నే తీసుకో; పైకి ఏమీ లేనట్టు కనిపించినా అందులో సరుకుంది.

చివరి అంకె 1 కనుక 2, 5 దాని కారణాంకాలు కావు. అంకెల మొత్తం 13 కనుక 3 కూడా కాదు. 7, 11, 13లను విడివిడిగా పరీక్షించే శ్రమ పెట్టుకోవద్దు. వాటి లబ్ధం 1001 కాబట్టి, సంఖ్యను కుడివైపు నుంచి మూడేసి అంకెలుగా విడదీసి 516లోంచి 1 తీసివేస్తే 515 వస్తుంది. ఆ మూడింటిలో ఏదీ 515ను భాగించదు గనుక 516001ను కూడా భాగించదు. ఇక 17కు, చివరి అంకెను 5తో గుణించి, ముందున్న సంఖ్యలోంచి తీసివేస్తూ రావాలి: 51600లోంచి 5 తీస్తే 51595, 5159లోంచి 25 తీస్తే 5134, 513లోంచి 20 తీస్తే 493, 49లోంచి 15 తీస్తే 34. ఇది 17 ఎక్కంలోదే కనుక 516001 కూడా ఆ ఎక్కంలో పోతుంది, భాగఫలం 30353.

కారణాంకాలను వర్గమూలం వరకు వెతికితే చాలు కనుక, ఒకటి దొరికిన ప్రతిసారీ మిగిలిన భాగఫలానికి వర్గమూలాన్ని మళ్లీ లెక్కగట్టు. మొదట 718 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నీ చూడవలసి ఉండగా, 17 దొరకడంతో ఆ హద్దు 174కు దిగింది. 17నే మరోసారి వేసి చూసి (8 మిగులుతుంది), ఆపై 19కి 10, 23కి 16, 29కి 19 అని శేషాలను వరుసగా వ్రాస్తూ వెళ్లు. విసుగు పుట్టించే భాగం ఇదే అయినా, ఒక్కటి దాటవేసినా నీ నిరూపణ నిలవదు. చివరకు 127 దగ్గర శేషం లేకుండా 239 వస్తుంది. కాబట్టి 516001 = 17 × 127 × 239.

ఆ 127 సామాన్యమైనది కాదు. 127 రెండ్లను ఒకదానితో ఒకటి గుణించి 1 తీసివేస్తే వచ్చే 39 అంకెల సంఖ్య ప్రధాన సంఖ్య అని ఫ్రెంచి గణితవేత్త ఎడ్వర్డ్ లూకా 1876లో తేల్చాడు. 1951 వరకు అంతకంటె పెద్ద ప్రధాన సంఖ్య ఎవరికీ తెలియదు.

భాజకాలు 8, వాటి మొత్తం 18 × 128 × 240 = 552960 అని రెండు ముక్కల్లో వ్రాస్తే సరిపోతుంది. రెండు వర్గాల మొత్తంగా వ్రాయగలమా అన్న ప్రశ్న దగ్గర మాత్రం జాగ్రత్త. 516001ను 4తో భాగిస్తే 1 మిగులుతుంది గనుక వ్రాయగలమనే అనిపిస్తుంది. కానీ 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధాన కారణాంకం ఏదైనా బేసిసార్లు వస్తే అది కుదరదు, ఇక్కడ 127, 239 రెండూ అటువంటివే. మీ అనంతపురం 515001 విషయంలో ఇంత శ్రమ కూడా లేదు: అంకెల మొత్తం 12 కనుక అది 3తో పోతుంది, 9తో పోదు, అంటే 3 ఒక్కసారే వస్తుంది, మిగిలిన 171667ను విడగొట్టకుండానే, కుదరదని వ్రాసెయ్యవచ్చు.

ఇట్లు,
మీ అబ్బ