తాత సైకిల్‌ని హాస్టల్‌కి తీసుకెళ్లొచ్చా?

పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది కందుకూరు దగ్గర పల్లెటూరు. నెల్లూరులో డిగ్రీ సీటొచ్చింది. హాస్టల్ నుంచి కాలేజీకి రెండున్నర కిలోమీటర్లు. మా తాత వాడిన రాడ్ బ్రేకుల హెర్క్యులిస్ సైకిలుంది. ఆయన పోయాక దాన్ని నేనే చూసుకుంటున్నా, ఇంటర్ రెండేళ్లూ దానిమీదే తిరిగా. "అక్కడ ఎవరో ఎత్తుకుపోతారు, ఇంట్లోనే ఉండనీ" అని అమ్మ, "తొక్కకపోతే తుప్పు పడుతుంది, తీసుకుపో" అని నాన్న. ఏం చేయమంటారు?

జవాబు: తీసుకెళ్లండి, కానీ ఇప్పుడే వద్దు. సంక్రాంతికి ఇంటికొచ్చి తిరిగి పోయేటప్పుడు తీసుకెళ్లండి.

ఎందుకంటే నెల్లూరుకి అసలు వాన ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసుర్లు, తుఫాన్లు. ఊరిని రైలు పట్టాలు రెండుగా చీలుస్తాయి కదా, అటు నుంచి ఇటు రావాలంటే చాలాచోట్ల అండర్ బ్రిడ్జిలే దారి. ఆత్మకూరు బస్టాండు దగ్గరిదైనా, మాగుంట లేఔట్‌దైనా గట్టి వాన పడితే నీళ్లు నిలుస్తాయి. ఆ నీళ్లు చక్రం ఇరుసు దాకా వస్తే హబ్బులోకి (చక్రం నడిమి గొట్టం), పెడల్ ఇరుసులోకి (రెండు పెడళ్ల క్రాంకుల్నీ కలిపేది) దిగి గ్రీజుని పాడుచేస్తాయి. పైకి ఏమీ తెలియదు. నెల తర్వాత తొక్కుతుంటే గరగరమంటుంది. విప్పి చూస్తే బాల్స్ మీద తుప్పు మచ్చలు, ఆ బాల్స్ దొర్లే కోను మీద గుంటలు కనిపిస్తాయి. రెండో చిక్కు బ్రేకులది. మీ సైకిలుకి ఉన్నవి స్టీలు రిమ్ములు. తడిస్తే రబ్బరు వాటిమీద జారిపోతుంది, ఎంత నొక్కినా బండి ఆగదు. తప్పనిసరై వానలో తొక్కాల్సి వస్తే, ఆగాల్సిన చోటుకి చాలా ముందునుంచే బ్రేకు తేలిగ్గా ఆనించి రిమ్ము మీది నీటిని తుడవనివ్వాలి, ఆ తర్వాతే గట్టిగా పట్టాలి. ట్రంకు రోడ్డు రద్దీలో కొత్తగా వచ్చినవాళ్లకి ఇది కష్టం.

ఈ మూడు నెలల్లో మీరు చేయాల్సిన పని ఒకటుంది. రాత్రిపూట సైకిల్ ఎక్కడ నిలబడుతుందో చూసుకోవాలి. పగలు కాలేజీ స్టాండులో ఎవరో ఒకరి కళ్లు పడుతూనే ఉంటాయి, అసలు భయం రాత్రిది, సెలవులది. పైకప్పు ఉందా, చైను చుట్టడానికి స్తంభమో పాతిన ఇనుప కమ్మీయో ఉందా, వాచ్‌మన్ కూర్చునే చోటు నుంచి కనిపిస్తుందా, సెలవుల్లో గదిలో పెట్టుకోనిస్తారా? వార్డెన్‌ని అడిగి తెలుసుకోండి. పైకప్పు లేకపోతే మాత్రం ఆ సైకిల్ తీసుకెళ్లొద్దు. నెల్లూరులోనే ఒక పాత సెకండ్ హ్యాండ్ సైకిల్ కొనుక్కుని తిరగండి, తాత సైకిల్ సెలవుల్లో తొక్కుకోండి. ప్రేమ ఉన్న వస్తువుని ఎండావానల్లో వదిలేసి రోజూ బాధపడటం కంటే అది మేలు.

అమ్మ భయం న్యాయమైనదే. అయితే పోయేది ఏమిటో విడదీసి చూడండి. మీ హెర్క్యులిస్‌కి టైరు, ట్యూబు, చైను, ఫ్రీవీలు, ఇరుసు, కోన్లు, బ్రేకు రబ్బర్లు ఇవాళ్టికీ ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి, 28 అంగుళాల రోడ్‌స్టర్లు, అంటే ఇలాంటి పాతకాలపు తరహా సైకిళ్లు, ఇంకా తయారవుతూనే ఉన్నాయి కాబట్టి. దొరకనివి వేరే: ముందరి బ్యాడ్జి, పాత తోలు సీటు, డైనమో లైటు ఉంటే అది, తాత చేత్తో అరిగిన గ్రిప్పులు. వీటిని విప్పి ఇంట్లో భద్రం చేసి, బదులు మామూలు సీటు, మామూలు గ్రిప్పులు వేసుకుని తీసుకెళ్లండి. దొంగ కంటికి అది మామూలు పాత సైకిలే అవుతుంది. ఫ్రేము నంబరు సీటు గొట్టం దగ్గరో, పెడల్ ఇరుసు గొట్టం కిందో కొట్టి ఉంటుంది. మట్టి, జిడ్డు కప్పేసి ఉంటే కిరోసిన్ గుడ్డతో తుడిస్తే బయటపడుతుంది. దాన్ని రాసుకుని, నంబరు చదవగలిగేలా ఒకటి, మొత్తం సైకిల్ ఒకటి ఫోటోలు తీసుకోండి. పోలీసులకి ఫిర్యాదు ఇవ్వాల్సి వస్తే ఇదే ఆధారం.

వెనక చక్రానికి ఉండే రింగు తాళం ఒక్కటే చాలదు. అది చక్రాన్ని తిరగనివ్వదంతే, ఇద్దరు కలిసి ఎత్తుకెళ్లొచ్చు. గట్టిపరిచిన ఉక్కు చైను కొని ఫ్రేమునీ వెనక చక్రాన్నీ స్తంభానికి కలిపి వేయండి. తాళం నేలకి ఆనకూడదు, నేల మీద పెట్టి సుత్తితో కొట్టడం తేలిక.

బయల్దేరే ముందు ఓవర్‌హాలింగ్ తప్పదు. కందుకూరులో మీకు తెలిసిన మెకానిక్ చేతనే చేయించండి, దగ్గర కూర్చోండి. ముందు చక్రానికి మామూలుగా ఒక్కో వైపు 3/16 అంగుళం బాల్స్ 10, వెనక చక్రానికి పావు అంగుళం బాల్స్ 9, పెడల్ ఇరుసుకి పావు అంగుళానివే 11 పడతాయి. పాతవి, కొత్తవి కలపొద్దు, మొత్తం మార్చండి. అరిగినవాటి మధ్య కొత్త బాలు పెద్దదై బరువంతా తనమీదే పడుతుంది, బాల్స్ కూర్చునే గిన్నెలాంటి కప్పు పగులుతుంది. కోను బిగింపు సరిగా ఉందో లేదో ఇలా చూడండి: చక్రాన్ని నేల నుంచి పైకెత్తి, వాల్వుని పక్కకి ఉంచి వదలండి. వాల్వు బరువుకే చక్రం మెల్లగా తిరిగి వాల్వు కిందికి రావాలి. రిమ్ము పట్టి అటూ ఇటూ ఊపితే వదులుగా కదలకూడదు. రెండూ కుదిరితే బిగింపు సరిగ్గా ఉన్నట్టే.

పాత సైకిళ్లలో ఎక్కువ పాడయ్యేది కాటర్ పిన్ను, అంటే పెడల్ ఉండే క్రాంకుని ఇరుసుకి పట్టి ఉంచే మేకు. ఒక్కో తొక్కుకి 'టక్' మంటుందంటే అది వదులైంది. నట్టు బిగించి పిన్నుని లోపలికి లాగాలని చూస్తారు కొందరు, దాంతో మరలు పోతాయి. క్రాంకు కింద బలమైన ఇనుప గొట్టం ఆనించి, పిన్నుని సుత్తితో దిగగొట్టి, ఆ తర్వాత నట్టు వేయాలి. ఆనింపు లేకుండా కొడితే ఆ దెబ్బ బాల్స్ ద్వారా కప్పుకి తగిలి గుంటలు పడతాయి. రెండు పిన్నులూ ఎదురెదురు దిక్కుల్లో ఉండాలి. ఓ పది కిలోమీటర్లు తొక్కాక మళ్లీ ఒక దెబ్బ వేసి బిగించండి, మొదటిసారి కొంత సర్దుకుంటుంది.

చైను అరుగుదల స్కేలుతో కొలవొచ్చు. ఒక పిన్ను మధ్య నుంచి, దాన్ని వదిలి లెక్కపెట్టిన 24వ పిన్ను మధ్యకి సరిగ్గా 12 అంగుళాలు రావాలి. పన్నెండుంబరక, అంటే 12 1/8 దాకా పోయిందంటే మార్చండి, లేకపోతే అది ఫ్రీవీలు పళ్లని తినేస్తుంది.

నెల్లూరు దాకా హైవే మీద తొక్కుకుంటూ పోవాలని అనుకోవద్దు. లారీల పక్కన ఆ బ్రేకులతో వద్దు. తెలిసిన ట్రాలీ ఉంటే అందులో, లేకపోతే సింగరాయకొండలో రైలు పార్సిల్‌గా బుక్ చేయండి, అక్కడ పార్సిల్ తీసుకుంటారో లేదో, ఏ రైలుకి ఎక్కిస్తారో ముందురోజే కనుక్కోండి. పెడళ్లు విప్పాలి. ఎడమ పెడల్ మర ఎదురుది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే వస్తుంది. ఇది తెలియక బలవంతం చేస్తే మర పోతుంది. పేరు, ఎక్కే స్టేషను, దిగే స్టేషను రాసిన అట్ట ముక్కలు రెండుచోట్ల కట్టండి. ఒకటి ఊడినా రెండోది ఉంటుంది.

ప్రశ్న: మాది కొత్తపట్నం. అమ్మాయి ఒంగోలులో కాలేజీకి ఆటోలో పోతుంది, ఊళ్లో పనులకి గేర్ల సైకిల్ వాడుతుంది. చైను వారానికే ఎర్రబడుతోంది. కొబ్బరినూనె రాస్తున్నాం.

జవాబు: సముద్రం గాలిలో ఉప్పు తేమని పట్టి ఉంచుతుంది, అందుకే తుప్పు త్వరగా వస్తుంది. కొబ్బరినూనె మానేయండి. అది కొన్నాళ్లకి జిగురై ఇసుకని పట్టుకుంటుంది, ఆ ఇసుక చైనుని లోపల అరగదీస్తుంది. బండ్ల నుంచి తీసిన వాడేసిన ఇంజిన్ ఆయిల్ కూడా వద్దు. వారానికోసారి మంచినీళ్ల గుడ్డతో ఫ్రేము, రిమ్ములు తుడిచి ఆరనివ్వండి. చైనుని కిరోసిన్ బ్రష్షుతో కడిగి, బాగా ఆరాక కుట్టుమిషను నూనె ఒక్కో లింకు మీద ఒక్కో చుక్క వేయండి. పది నిమిషాలాగి పైన ఉన్నదంతా తుడిచేయండి. నూనె పిన్నుల లోపల ఉండాలి, బయట కాదు.

ప్రశ్న: పొదిలి నుంచి అబ్బాయి బీటెక్‌కి దూరం వెళ్లాడు, సైకిల్ ఇంట్లో ఉండిపోయింది. నాలుగేళ్లు పాడుకాకుండా ఎలా ఉంచాలి?

జవాబు: గాలి లేని టైరు మీద నిలబెట్టొద్దు, మడత పడిన చోట పగులుతుంది. రెండు చక్రాలూ నేలకి తగలకుండా తాళ్లతో వేలాడదీస్తే సరి. అలా కుదరకపోతే నెలకోసారి గాలి కొట్టి, చక్రాలు కాస్త తిప్పి వేరే చోటు నేలకి ఆనేలా పెట్టండి. ఎండ పడే వరండా వద్దు, రబ్బరు బీటలు వారుతుంది. రిమ్ములకి, క్రోమియం ఉన్నచోటల్లా గ్రీజు పలచగా పూయండి, చైనుకి నూనె. ప్లాస్టిక్ పట్టా చుట్టొద్దు, లోపల చెమ్మ నిలుస్తుంది, పాత నూలు దుప్పటి కప్పండి. అబ్బాయి వచ్చాక తొక్కే ముందు వాల్వు ట్యూబు, అంటే వాల్వుకి తొడిగే చిన్న రబ్బరు గొట్టం, మార్చండి. ఎక్కువకాలం వాడకుండా ఉంటే ఆ చిన్న రబ్బరే ముందు పోతుంది, గాలి నిలవక పంచరనుకుని ట్యూబంతా వెతుకుతారు.