పరుపు మీద మరక, గదిలో వాసన: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

వానలు పట్టినప్పటి నుంచి విశాఖపట్నం పాఠకులు పరుపుల గురించే ఎక్కువగా అడుగుతున్నారు. వాటిలో కొన్నింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్లు. రాత్రిళ్లు పక్క తడుపుతాడు. మాది ఆరంగుళాల ఫోమ్ పరుపు. డెటాల్ నీళ్లతో తుడిచాం, పౌడర్ చల్లాం, అగరొత్తులూ వెలిగించాం. ఎండ కాసినన్నాళ్లు బాగానే ఉంటుంది, మబ్బు పట్టిందంటే చాలు గదంతా ఉచ్చ కంపు. ఎందుకిలా? (ఎంవీపీ కాలనీ)

జవాబు: వాసన పోయి మళ్లీ రావడం లేదండీ, అసలు పోలేదు. మూత్రంలో ఉండే యూరియా నీళ్లలో కరుగుతుంది కాబట్టి తుడిస్తే చాలావరకు వచ్చేస్తుంది. మిగిలినదాన్ని బ్యాక్టీరియా అమోనియాగా మారుస్తుంది. ముక్కుకు ఘాటుగా తగిలేది అదే. యూరిక్ ఆమ్లం సంగతి వేరు. అది నీళ్లలో సరిగా కరగదు. తడి ఆరాక సన్నటి స్ఫటికాలుగా మారి ఫోమ్ లోపలే ఉండిపోతుంది. గాలిలో తేమ పెరగగానే చెమ్మ పీల్చుకుని మళ్లీ కంపు కొడుతుంది. సముద్రం పక్కనున్న ఊళ్లో తేమకు కొదవేముంది! డెటాల్ క్రిములను చంపేందుకే గానీ ఈ స్ఫటికాలను కరిగించదు. పౌడరూ అగరొత్తులూ వాసన మీద వాసన పూయడమే.

పాత మరకకు ఇలా చేయండి. మందుల షాపులో హైడ్రోజన్ పెరాక్సైడ్ అడగండి. ఎక్కువగా 6 శాతం సీసాయే ఇస్తారు. దానికి సమానంగా నీళ్లు కలిపితే 3 శాతం అవుతుంది. అలా కలిపినది ఒక పెద్ద గ్లాసు, అంటే 240 మిల్లీలీటర్లు తీసుకుని, అందులో 3 పెద్ద చెంచాల వంట సోడా, రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ వేసి కలపండి. చేతులకు గ్లౌజులు వేసుకోండి. పరుపు మూల కనబడని చోట ముందు ఒక చుక్క వేసి చూడండి, రంగు గుడ్డయితే వెలిసిపోవచ్చు. తర్వాత మరక మీద, దాని చుట్టూ రెండంగుళాల మేర స్ప్రే చేసి, ఫ్యాన్ వేసి వదిలేయండి. ఆరాక తెల్లటి పొడి మిగులుతుంది. దాన్ని వ్యాక్యూమ్ క్లీనర్‌తో గానీ మెత్తటి బ్రష్‌తో గానీ తీసేయాలి. మరక ఇంకా కనబడితే మర్నాడు మరోసారి.

ఈ మిశ్రమాన్ని ఎప్పటికప్పుడే కలుపుకోవాలి. మిగిలింది కదా అని సీసాలో పోసి మూత బిగిస్తే లోపల ఆక్సిజన్ పోగై సీసా ఉబ్బుతుంది, పగలనూవచ్చు. ఎప్పుడో మూత తీసిన పెరాక్సైడ్ సీసా ఇంట్లో ఉంటే నమ్మకండి. కోసిన బంగాళాదుంప ముక్క మీద చుక్క వేస్తే ఏమాత్రం నురగ రాకపోతే అందులో మిగిలింది నీళ్లేనని అనుమానించాలి.

అలా చేసినా వాసన ఉంటే మూత్రం అడుగుదాకా దిగిందన్నమాట. పై పైన స్ప్రే చేసింది అక్కడికి చేరదు. అప్పుడు పెంపుడు జంతువుల సామాన్లమ్మే షాపుల్లో దొరికే ఎంజైమ్ ద్రావణం వాడాలి. మూత్రం ఎంత లోతుకు దిగిందో ఇదీ అంత లోతుకు దిగేలా పోసి, తడిగుడ్డ కప్పి, సీసా మీద రాసినన్ని గంటలు ఆరకుండా ఉంచాలి. ఆరిపోతే ఎంజైమ్ పని ఆగిపోతుంది. దీన్ని వాడే రోజు డెటాల్, పెరాక్సైడ్ దగ్గరికి రానివ్వకండి, ఎంజైమ్ దెబ్బతింటుంది.

తాజాగా తడిసినప్పుడైతే పని సులువు. పొడి తువ్వాలు నాలుగు మడతలు పెట్టి, దాని మీద మోకాలితో బరువు మోపి అదమండి. రుద్దితే మరక పక్కలకి పాకుతుంది. తువ్వాలు మార్చి మార్చి చెమ్మ అంటడం మానేదాకా అదిమాక, అరగ్లాసు తెల్ల వెనిగర్‌లో అరగ్లాసు నీళ్లు కలిపి స్ప్రే చేయండి. వెనిగర్ అమోనియాను విరుస్తుంది. పది నిమిషాలాగి మళ్లీ అదిమి, చెమ్మ దాదాపు పోయాక 150 గ్రాముల వంట సోడా చల్లి రాత్రంతా ఉంచండి. వెనిగర్, సోడా కలిపి ఒకేసారి పోస్తే నురగ చూడ్డానికి బాగుంటుంది గానీ రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి, పని జరగదు.

బ్లీచింగ్ మాత్రం వద్దే వద్దు. మూత్రంలోని అమోనియాతో కలిసి క్లోరమీన్ అనే విషవాయువు పుడుతుంది. కళ్లు మంటలు, దగ్గు, ఊపిరాడకపోవడం. తలుపులేసిన ఏసీ గదిలో మరీ ప్రమాదం.

ఇక ముందు జాగ్రత్త: పరుపు మీద వాటర్‌ప్రూఫ్ ప్రొటెక్టర్, దాని మీద దుప్పటి, మళ్లీ ఇంకో ప్రొటెక్టర్, ఇంకో దుప్పటి వేయండి. అర్ధరాత్రి తడిపితే పై జత లాగేసి పడుకోవడమే. బాబుకి నాలుగేళ్లేగా, కోప్పడకండి. అయిదు దాటాకా తరచూ తడుపుతుంటే పిల్లల డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: కడిగిన ఫోమ్ పరుపుని మేడ మీద ఎండలో వేశాం. పైన ఆరింది, రెండ్రోజులకి లోపల్నించి ముక్క వాసన. (గాజువాక)

జవాబు: కడగడం దగ్గరే తేడా వచ్చింది. ఫోమ్‌ని బకెట్ నీళ్లతో కడగకూడదు. పీల్చుకున్న నీళ్లను అది మన గాలిలో తొందరగా వదలదు. పైన గుడ్డ ఆరి కరకరలాడుతుంటుంది, నడుమ మాత్రం చెమ్మే. అరచేత్తో గట్టిగా లోపలికి నొక్కి పది సెకన్లు ఉంచండి. పక్కనున్న పొడి చోటు కంటే చల్లగా తగిలిందంటే ఇంకా తడి ఉన్నట్టే.

నేరుగా ఎండ తగిలితే ఫోమ్ పసుపెక్కి, కాలం గడిచేకొద్దీ పొడిపొడిగా రాలుతుంది. రబ్బరు కలిపిన కొబ్బరి పీచు పరుపుదీ అదే గతి, రబ్బరు పెళుసెక్కుతుంది. రెంటినీ నీడలో, గాలి ఆడేచోట, గోడకి ఆనకుండా రెండు కుర్చీల మధ్య నిలువుగా పెట్టి టేబుల్ ఫ్యాన్ తిప్పండి. కొన్ని గంటలకోసారి తలకిందులు చేయండి, నీరు కిందకి దిగుతుంది. ఏసీ ఉంటే కిటికీలు మూసి డ్రై మోడ్‌లో పెట్టండి. వానాకాలంలో మాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి దారి లేదు. ఎండలో వేయదగింది దూది పరుపొక్కటే. దాన్నీ మేడ గచ్చు మీద కాక మంచం మీద వేసి, కింద గాలి ఆడనివ్వాలి. సాయంత్రం గాలిలో చెమ్మ పెరగకముందే, నాలుగింటికల్లా లోపల పెట్టేయాలి.

ప్రశ్న: నెలసరి రక్తపు మరక. వేణ్నీళ్లతో తుడిస్తే గోధుమ రంగుకి తిరిగి ఇంకా గట్టిపడింది. (మధురవాడ)

జవాబు: వేడికి రక్తంలోని ప్రొటీన్ గడ్డకట్టి గుడ్డకి పట్టేస్తుంది. ఎప్పుడూ చన్నీళ్లే, ఫ్రిజ్ నీళ్లయితే మరీ మంచిది. ఇప్పుడు 3 శాతం పెరాక్సైడ్‌ని దూదితో మరక మీద అద్దండి. బుసబుస నురగ వస్తుంది. నురగ తగ్గగానే తడిగుడ్డతో అద్ది తీసి, మళ్లీ వేయండి. నురగ రావడం ఆగేదాకా అంతే. ఉడికిపోయిన మరక పూర్తిగా పోకపోవచ్చు, లేత పసుపు నీడ మిగిలితే పరుపుకొచ్చిన నష్టమేమీ లేదు.

ప్రశ్న: బీచ్ రోడ్డు దగ్గర ఫ్లాట్. పరుపు అడుగున నల్లటి చుక్కలు, ముక్క వాసన. మంచం కింద సామాన్ల పెట్టె ఉంది. (పెదవాల్తేరు)

జవాబు: అది బూజు. కారణం మీ ప్రశ్నలోనే ఉంది. పెట్టె మంచం ప్లైవుడ్ పలక మీద పరుపు అడుగుకు గాలి తగలదు. రాత్రంతా ఒంటి చెమట కిందకి దిగి పలక దగ్గర ఆగిపోతుంది. పైగా రాత్రి ఏసీతో గది చల్లబరిచి, పొద్దున్నే కిటికీలు తీస్తే సముద్రపు తేమ గాలి చల్లటి పరుపుకి తగిలి చెమ్మగా మారుతుంది. ఏసీ ఆపాక గది మామూలు వేడికి వచ్చేదాకా ఆగి కిటికీలు తీయండి.

పరుపుని బాల్కనీలోకి తెచ్చి, ముక్కుకి మాస్కు కట్టుకుని పొడి బ్రష్‌తో దులపండి. గదిలో దులిపితే బూజు గింజలు ఇల్లంతా పరుచుకుంటాయి. సర్జికల్ స్పిరిట్, నీళ్లు సమానంగా కలిపి, గుడ్డ తడిపి పిండి తుడవండి. దగ్గర్లో దీపం, సిగరెట్ లేకుండా చూసుకోండి. తర్వాత వడ్రంగిని పిలిచి ప్లైవుడ్ పలకకి అంగుళం వెడల్పున ఎనిమిది, పది రంధ్రాలు పెట్టించండి. మంచానికీ బయటి గోడకీ నాలుగంగుళాలు ఎడం ఉంచండి. పరుపుని పదిహేను రోజులకోసారి ఓ పూట నిలబెట్టండి.

జిప్పు తీసి చూస్తే నలుపు ఫోమ్ లోపలికీ దిగి ఉంటే ఇక తుడవడం దండగ, ముఖ్యంగా ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే. అలాగే 2014లో హుద్‌హుద్ నాటిలాంటి తుఫానుకి మురుగునీట మునిగిన పరుపుని కూడా బాగు చేయాలని చూడకండి, పారేయండి.

ప్రశ్న: అత్తగారి నాటి దూది పరుపు. మరకలతో, ఉండలు కట్టి ఉంది. పారేయమంటారా? (గోపాలపట్నం)

జవాబు: అయ్యో, వద్దండీ! వీటన్నిటిలోకీ బాగుచేయడానికి తేలికైనది అదే. కుట్లు విప్పించి, మరకపడ్డ దూది తీసి అవతల పడేయండి. మిగతాది రెండు మంచి ఎండలు పెట్టి ఏకించండి. తగ్గినంత కొత్త దూది కలిపి, కొత్త గుడ్డతో కుట్టించండి. లోపల ఉన్నది బూరుగు దూదయితే ఇంకా నయం. దాని పోగు మీద సహజంగానే మైనం పూత ఉంటుంది, నీటిని త్వరగా పీల్చదు. ఏకేవాళ్లు వచ్చినప్పుడు పాత గుడ్డ కూడా ఇచ్చేయకండి, ఉతికి ఉంచుకుంటే కొత్త పరుపుకి పై గలేబుగా పనికొస్తుంది.